పర్మినెంట్ బ్యాచ్

"ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పండి మేడం" అన్నాడు హరిలాల్ సారు. అనేసి, నన్ను అక్కడే నిలబెట్టి, బీమ్ మీద వణుకుతున్న ఓ పిల్ల నడుము పట్టుకోవడానికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత పెద్ద ప్రశ్నను కూరగాయల సంచీలా చేతికిచ్చి పోయేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు.

సంగతేమిటంటే, మా పెద్దమ్మాయి చైత్ర ఐదో తరగతి చదువుతోంది. కొత్తగూడెంలో మా కాలనీ క్లబ్బు హాల్లో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ పిల్లలందరికీ కలిపి ఒకటే శిక్షణ. ఇప్పుడు రెండు బ్యాచ్‌లు చేస్తున్నారు. పెద్ద బ్యాచ్‌లో చేరితే తెల్లవారగానే ఒక పూట, బడి అయ్యాక ఇంకో పూట, ఆదివారం తప్ప రోజూ సాధన. పోటీలు దగ్గరపడితే ఆ ఆదివారం కూడా పోతుంది. రాష్ట్రస్థాయి పోటీలకు హనుమకొండ, హైదరాబాదు తీసుకెళతారు. చిన్న బ్యాచ్‌లో అయితే వారానికి మూడు సాయంత్రాలు చాలు. జిల్లా పోటీలుంటాయి, మణుగూరు దాకా వెళ్లి రావడాలుంటాయి, పతకాలూ ఉంటాయి. బడికీ నిద్రకూ అడ్డు రాదు. చైత్రను పెద్ద బ్యాచ్‌కి తీసుకోవడానికి సారు సిద్ధంగా ఉన్నాడు. ఒప్పుకోవాలా వద్దా అన్నది మేం తేల్చాలి.

సారు మళ్లీ ఇటు తిరిగినప్పుడు పట్టుకుని అడిగాను. "మీ పిల్ల అయితే ఏం చేస్తరు సార్?"

"రెండూ మంచివే మేడం. పిల్లను బట్టి ఉంటది."

పిల్లను బట్టి ఉంటుందని నాకు తెలియదా? నేను ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. తల్లిదండ్రులు వచ్చి ఏదైనా గట్టిగా అడిగితే నేను చెప్పే జవాబు కూడా అదే. ఏం చెప్పాలో తోచనప్పుడు చెబుతాను.

చైత్ర హాలు మెట్ల మీద బూట్లు వేసుకుంటూ కనిపించింది. ఎడమచేత్తో బూటు లాగుతూ నానా తంటాలు పడుతోంది. "జల్దీ కానియ్యే, ఇంటికాడ బోలెడు పని ఉంది" అని కసిరాను. మామూలుగా అయితే దారి పొడవునా వాగుతూ వచ్చే పిల్ల ఆ రోజు స్కూటీ వెనక మౌనంగా కూర్చుంది. అలసిపోయింది కాబోలనుకున్నాను.

ఇంటికొచ్చాక నేను నోరు విప్పడమే ఆలస్యం, సలహాలు మొదలయ్యాయి.

అవి అర్థం కావాలంటే ఇక్కడి మాటలు కొన్ని చెప్పాలి. మా పుట్టిల్లు చండ్రుగొండ. వాన, పత్తి, మిర్చి తప్ప మా ఇంట్లో వేరే ప్రస్తావన ఉండేది కాదు. కొత్తగూడెం కోడలిగా వచ్చాక నేను కొత్త భాష నేర్చుకున్నాను. ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. పనికి వెళ్లిన రోజు మస్టర్, ఎగ్గొట్టిన రోజు నాగా. లోకంలో ఉద్యోగాలు రెండే రకాలు, పర్మినెంట్, కాంట్రాక్టు. పర్మినెంట్ వాడికి క్వార్టరు, దవాఖానా, పెళ్లి సంబంధాలు అన్నీ నడిచి వస్తాయి. కాంట్రాక్టు వాడికి అదే దుమ్ము ఉంటుంది కానీ ఇవేవీ ఉండవు. ఇక అన్‌ఫిట్ అనే మాట ఒకటుంది. బాయిలో పనిచేసే మనిషికి ఒళ్లు చెడి, ఇక పని చేయలేడని డాక్టర్లు తేలిస్తే అతన్ని అన్‌ఫిట్ చేస్తారు. అతని ఉద్యోగం ఇంట్లో ఇంకొకరికి వస్తుంది. మా మామయ్య వెంకన్న మోకాలు పాడై అన్‌ఫిట్ అయితే, ఆ జాగాలోకి మా ఆయన సంపత్ వెళ్లాడు. ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. మేముండే ఈ క్వార్టరు, నా పెళ్లి, అన్నీ ఆ మోకాలి పుణ్యమే. అందుకని మా ఇంట్లో ఏ సంగతి వచ్చినా చివరికి ఈ మాటల్లోకి దిగుతుంది.

మామయ్య మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ నేను చెప్పిందంతా విన్నాడు. విని, ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"పెద్ద బ్యాచంటే పర్మినెంటు. చిన్నదంటే కాంట్రాక్టు. అంతే గద?"

"అట్ల కాదు మామా. రెండూ వేరు వేరు పద్ధతులు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని కాదు."

"వేరేంది బిడ్డా? రోజూ డ్యూటీ ఉన్నది పర్మినెంటు. పిలిచిన్నాడు పోయేది కాంట్రాక్టు. పర్మినెంటు ఇంటికొస్తుంటే కాంట్రాక్టుకు పోతనంటరా ఎవలన్న?"

సంపత్ అప్పుడే ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. "అవ్, నాయిన చెప్పింది నిజమే" అన్నాడు. ఆ మనిషి తండ్రి మాటకు అవ్ అనని రోజు నేను చూడలేదు.

"నీకేం సమజైందని అవ్ అంటున్నవ్? చీకట్ల దాన్ని లేపి హాలుకు ఎవలు తీస్కపోవాలె?"

"ఫస్ట్ షిఫ్టున్నప్పుడు నేను దింపి పోత."

"సెకండు షిఫ్టు, నైట్ షిఫ్టు వచ్చినప్పుడు?"

"అప్పుడు నువ్వున్నవ్ గద" అన్నాడు, ఎంతో ఉదారంగా.

వంటింట్లోంచి అత్తమ్మ యశోద అందుకుంది. ఆమెది మూడో దారి. "ఆడపిల్లను గిట్ల తలకిందులు చేసుడేందని నేను ముందుగాల్నే అన్న. ఏ చెయ్యో కాలో ఇరిగితే ఏంజేస్తరు? డ్యాన్సుల ఏస్తే మంచిగ చీర కట్టుకొని ఎగురుతది. అది ఇది రెండూ వద్దు, బందు వెట్టుండ్రి."

మా చిన్నది సిరికి ఇవేమీ పట్టలేదు. అక్కను చూసి నేర్చుకున్న పిల్లిమొగ్గలను మంచం మీద వేస్తోంది. పరుపు ఒకవైపు, దిండ్లు ఇంకోవైపు. మంచం కోళ్లు కిర్రుమంటున్నాయి. నా తల కూడా కిర్రుమంటోంది.

సరే, దుంకేది ఎవరో వాళ్లనే అడుగుదామని చైత్ర వైపు తిరిగాను. "నువ్వు చెప్పు. నీకేది కావాలె?"

"నీ ఇష్టం మమ్మీ."

"నా ఇష్టమేందే? పొద్దున్నే లేచి పోయేది నువ్వా, నేనా?"

"ఏదైనా సరే."

ఇంతకంటే ఒళ్లు మండే జవాబు తెలుగులో లేదు. గోడకైనా చెప్పుకుంటే కాస్త సున్నం రాలుతుంది. ఈ పిల్ల తల కూడా ఎత్తలేదు.

నిజానికి నా మనసు చిన్న బ్యాచ్ వైపే ఉంది. కానీ గట్టిగా అనలేకపోయాను. దానికి కారణముంది. మొదటిసారి గోడ సాయం లేకుండా చేతుల మీద నిలబడ్డ రోజు ఆ పిల్ల ముఖం నేను చూశాను. రక్తమంతా తలకు దిగి ఎర్రగా కందిపోయి, జడలు రెండూ మ్యాట్ మీద ఆనుతుంటే, "మమ్మీ, గిట్ల చూస్తే అందరు మస్తు మంచిగున్నరే" అని నవ్వింది. బడిలోనూ ఇంట్లోనూ అంత సంతోషంగా ఉండగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. దాన్ని వారానికి మూడు సాయంత్రాలకు కుదించడానికి నేనెవరిని? అట్లాగని తెల్లవారుజామున లేపి, నిద్రకళ్లతో ఉన్న పిల్లను స్కూటీ మీద ఎక్కించుకుని, దాని చిన్నతనమంతా హాలుకు రాసివ్వడానికి మాత్రం నేనెవరిని? ఎటు తిప్పినా నాకే గుచ్చుకుంది.

ఆ రాత్రి అన్నాలకు కూర్చున్నప్పుడు చైత్ర స్పూను అడిగింది.

"స్పూనెందుకు? పచ్చిపులుసు అన్నం స్పూనుతో తింటరా ఎవలన్న? హోటల్‌కు వచ్చినవా?"

"ఊర్కెనే."

"కొత్త షోకులు నేర్చిండ్రు" అని విసుక్కుంటూ తెచ్చి పడేశాను. ఎడమచేత్తో పట్టుకుని తినడం మొదలుపెట్టింది. దానికీ తిట్టాను. చేయి మార్చింది, కాసేపు కెలికింది, చాలంది. నానమ్మ కలిపి ముద్దలు పెడితే మాత్రం అన్నీ తినేసింది. ఈ వయసులో గారాబమేమిటని అత్తమ్మను కూడా కలిపి నాలుగు అన్నాను.

సిరి తింటూ తింటూ లేచి ఇంకో పిల్లిమొగ్గ వేసింది. మామయ్యకు ముచ్చటేసింది. "చైత్రా, జర పైలం బిడ్డా. నువ్వు అన్‌ఫిట్ అయినవనుకో, నీ జాగ సిరికే. మన ఇంట్ల రూలు గదే" అన్నాడు. సంపత్ పగలబడి నవ్వాడు. అత్తమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది, ఎందుకు దాచాలి. చైత్ర నవ్వలేదు. అలిగిందనుకున్నాం.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చిర్రెత్తుతుంది.

ఒకరోజు నేను బడినుంచి వస్తుంటే మా వరుసలో మొదటి క్వార్టరు ఆవిడ గేటు దగ్గర ఆపి చేయి పట్టుకుంది. "చైత్రకు పర్మినెంట్ అయిందంట గద, మస్తు సంతోషమైంది" అంది. రెండో క్వార్టరు ఆవిడ కూడా అదే మాట. మూడో ఇంటి ముసలాయన అయితే ఏ బాయిలో వేశారని అడిగాడు. ఇంటికొచ్చి చూస్తే మిఠాయి డబ్బాలు ఖాళీగా పడున్నాయి. కొడుక్కి ఉద్యోగం ఆర్డరు వచ్చిన రోజున వరుసలోని ప్రతి క్వార్టరుకూ మైసూర్‌పాక్ పంచడం ఇక్కడి ఆనవాయితీ. మా మామయ్య ఆ కుంటికాలితోనే ఇల్లిల్లూ తిరిగి, మనవరాలికి ఆర్డరు వచ్చిందని మైసూర్‌పాక్ పంచి వచ్చాడు.

"మామా, మనం ఇంకా ఏమీ చెప్పలేదు! ఆదివారం దాకా ఆగలేకపోయినవా?"

"చెప్పుడేంది బిడ్డా? ఆర్డరొస్తే జాయినయ్యుడే."

"నేను చిన్న బ్యాచ్‌ల ఏద్దామనుకుంటున్న."

ఆయన నన్ను చూసిన చూపులో కోపం కంటే జాలే ఎక్కువ ఉంది. "నా సర్వీసుల నాగా లేదు" అని మొదలుపెట్టాడు. ఇక అది ఆగదు. జ్వరంతో బాయిలోకి దిగిన కథ. మోకాలు వాచి కుండలా అయితే అంగీ చింపి కట్టుకుని షిఫ్టు పూర్తిచేసిన కథ. సూపర్‌వైజరు చూసి అడిగితే చీమ కుట్టిందని చెప్పిన కథ. నాకు కంఠతా వచ్చు. పిల్లలకు కూడా వచ్చు, వాళ్లు పడుకునేముందు వినే కథలు అవే. ప్రతి కథకూ చివర ఒకే మాట ఉంటుంది. ఆ రోజు కూడా దానితోనే ముగించాడు. "నొప్పి ఎవనికి లేదు? నొస్తందన్నోడు బాయిల నిలవడడు."

చైత్ర గడపలో నిలబడి వింటోంది. నేను లోపలికి పోయి గిన్నెలను గట్టిగా చప్పుడయ్యేలా తోముకున్నాను. ఆ ఇంట్లో నా కోపం చెప్పుకునే వీలు వాటితోనే ఉంది.

ఆదివారం వచ్చింది. నేను, చైత్ర వెళ్లి మా మాట చెప్పి వస్తే సరిపోయే పని. కానీ ఇల్లంతా ముస్తాబైంది. మామయ్య తెల్ల చొక్కా వేసుకుని, క్షవరం చేయించుకుని, చేతికర్రకు నూనె రాసి తయారయ్యాడు. సంపత్ ఆ రోజు డ్యూటీ ఉంటే కూడా వెళ్లలేదు. ఆదివారం డ్యూటీకి జీతం రెట్టింపు, దాన్ని వదులుకోవడం అతని విషయంలో చిన్న సంగతి కాదు. అత్తమ్మ వద్దని చెప్పడానికి వచ్చింది. సిరి ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. అందరం ఒకే ఆటోలో ఇరుక్కుని హాలుకు వెళ్లాం. పెళ్లిచూపులకు కూడా ఇంతమంది రాలేదు నన్ను చూడడానికి.

మా గుంపును చూసి హరిలాల్ సారు నవ్వాడు. కుర్చీలు వేయించాడు. "చైత్రా, మీ తాతకు చూపియ్యి, ఏం నేర్చుకున్నవో" అన్నాడు.

చైత్ర మ్యాట్ చివర నిలబడింది. పక్కకు ఒరిగి, ఎడమచేతిని నేల మీద పెట్టి, కాళ్లు రెండూ గాల్లో తిప్పి బండిచక్రంలా దొర్లి నిలబడింది. కుడిచేయి పొట్టకు ఆనించే ఉంది. నేల తాకలేదు.

"ఒక్క చేత్తోనే!" అని మామయ్య చప్పట్లు కొట్టాడు. సంపత్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. "ఇంకోసారి, ఇంకోసారి" అంటున్నాడు. వద్దని చెప్పడానికి వచ్చిన అత్తమ్మ కూడా బుగ్గలు నొక్కుకుంది. నిజం చెప్పాలంటే నాకు కూడా ఛాతీ ఉబ్బింది. ఒంటిచేత్తో వేస్తోందంటే పెద్ద విద్యే నేర్చిందనుకున్నాను.

హరిలాల్ సారు చప్పట్లు కొట్టలేదు. "నేను ఒక్క చేత్తో నేర్పలే" అన్నాడు. "రెండు చేతులతోని చెయ్యి."

చైత్ర మళ్లీ మ్యాట్ చివరికి వెళ్లింది. చాలాసేపు నిలబడింది. ఒకసారి సిరి వైపు చూసింది. సిరి కుర్చీలో కాళ్లూపుకుంటూ కూర్చుంది. తర్వాత చైత్ర రెండు చేతులూ ఎత్తి ఒరిగింది. కుడిచేయి నేలకు తగలగానే నిప్పు తాకినట్టు లాక్కుంది. మోకాళ్ల మీద పడింది. పడ్డచోటే కూర్చుని, ఆ చేతిని ఒళ్లో దాచుకుంది.

సారు పక్కన కూర్చుని మెల్లగా ఆ చేతిని బయటికి తీశాడు. మణికట్టు దగ్గర వేలితో నొక్కాడు. పిల్ల అరవలేదు. పెదవులు గట్టిగా బిగించింది, కళ్లలో నీళ్లు మాత్రం నిండాయి.

"ఎన్ని దినాల సంది నొస్తంది?"

చైత్ర ఎడమచేత్తో మ్యాట్ అంచు గీకింది.

"చెప్పు బిడ్డా. నేనేమనను."

అది తాత వైపు చూసింది. తర్వాత సారు వైపు తిరిగి, గుసగుసగా చెప్పింది. "సార్, నన్ను అన్‌ఫిట్ చెయ్యొద్దు సార్. నా జాగ సిరికి ఇయ్యొద్దు. మంచిగైతది. నేను ఒక్క నాగా కూడ పెట్టలే సార్."

హాల్లో ఎవరూ నవ్వలేదు. మామయ్య చేతులు చప్పట్ల మధ్యలో ఆగినట్టు అలాగే ఉండిపోయాయి. సంపత్ ఫోన్ దించాడు.

నాకు ఏడుపొచ్చింది. దానికంటే ముందు కోపమొచ్చింది. మామయ్య మీద, సంపత్ మీద, సారు మీద, మోకాళ్ల కథల మీద, ఆ స్పూను మీద. అదంతా పోయి ఆ పిల్ల మీదే పడింది. "నొస్తుంటే ఎందుకు చెప్పలేదే? నోరు లేదా నీకు?" అని హాలంతా అదిరేలా అరిచాను. చైత్ర భుజాలు పైకి ముడుచుకుంది. సారు నా వైపు చూసి, "మేడం, జర" అని మాత్రం అన్నాడు.

అక్కణ్నుంచే దవాఖానాకు వెళ్లాం. చేతికి ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. ఎదిగే పిల్లల్లో ఎముక పెరిగే చోటు మెత్తగా ఉంటుందట, విశ్రాంతి లేకుండా దాని మీదే బరువు వేయడంతో అక్కడ దెబ్బతిని వాచిందని డాక్టరు చెప్పాడు. కట్టు వేశాడు. పూర్తిగా మానేదాకా ఆ చేతి మీద బరువు పెట్టకూడదన్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే నడిపి ఉంటే ఆ చేయి ఎదుగుదలే గాడి తప్పేదన్నాడు. మానిపోతుందా అని సంపత్ అడిగినదే మళ్లీ మళ్లీ అడిగాడు. మానిపోతుంది, ముందు విశ్రాంతి ఇవ్వండి అని ఆయన కూడా అడిగినన్నిసార్లూ ఓపిగ్గా చెప్పాడు.

సారు మాతోపాటే వచ్చాడు. తన కళ్లముందు ఉండి కూడా గమనించలేకపోయానని డాక్టరుతో అన్నాడు, ఆ పిల్ల తన ఎదుట ఎప్పుడూ ఎడమ పక్కకే దొర్లేదని, అలవాటనుకున్నానని. బయటికొచ్చాక నాతో "జాగ ఎటూ పోదు మేడం. ఎవలకూ ఇయ్య. చెయ్యి మానినంక చెప్పుండ్రి, తొందరేం లేదు" అన్నాడు. ఆదివారం లోపు అని నా ప్రాణం తీసిన మనిషి ఈ మాట మొదటే అని ఉంటే ఆయన సొమ్మేం పోయేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక నేను తీర్పు చెప్పేశాను. "చెయ్యి మానినంక చిన్న బ్యాచ్. వారానికి మూడు సాయంత్రాలు. ఇగ దీని మీద ఎవ్వరూ నోరు విప్పొద్దు." సంపత్ ఈసారి నా మాటకు అవ్ అన్నాడు. అత్తమ్మ నేను ముందే చెప్పలేదా అంది. ఎంత హాయిగా ఉందో ఆ పూట నాకు. పెద్ద బరువు దింపుకున్నట్టనిపించింది.

వరుసలోని వాళ్లు అడిగితే మామయ్య "మా చైత్ర సిక్‌ల ఉంది" అని చెబుతున్నాడని తెలిసింది. బాయిలో ఒంట్లో బాగాలేక సెలవులో ఉన్నవాళ్లను అలాగే అంటారు. ఉద్యోగం పోలేదు, సెలవులో ఉందని ఆయన భావం. నేను తల పట్టుకున్నాను.

కానీ ఒక సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే మంచం దగ్గర వాళ్లిద్దరి మాటలు వినిపించాయి.

"నొస్తందా బిడ్డా?"

"లేదు తాతా."

"నిజం చెప్పు."

మంచం కిర్రుమంది. చైత్ర చిన్నగా "నొస్తంది" అంది.

"నాకు కూడ నొస్తంది" అన్నాడు మామయ్య. "దినాం నొస్తంది."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ ఆయన నోట ఆ మాట వినలేదు. రోజూ నూనె రాసుకోవడం చూశాను, నొప్పి అనగా వినలేదు. చేతిలో ఉన్న చొక్కాను మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాను. వాళ్లున్న గదిలోకి వెళ్లబుద్ధి కాలేదు.

ఆ మర్నాడు బడికి తయారుచేస్తూ చైత్రను ముందు కూర్చోబెట్టుకుని జడలు వేస్తున్నాను. నేను జడ వేస్తే సాయంత్రం దాకా వెంట్రుక కదలదు. దువ్వెనతో లాగి, బిగించి, రిబ్బను గట్టిగా కడతాను. పొద్దుటిపూట నాకు తీరిక ఉండదు మరి. చైత్ర కట్టు వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మంచి ఉత్సాహంగా ఉన్నాను కదా, "చెయ్యి మానంగనే చిన్న బ్యాచ్‌ల ఏస్త. మంచిగ ఆడుకోవచ్చు. సరేనా?" అన్నాను.

"మమ్మీ, చిన్న బ్యాచ్‌ల నొస్తే చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు."

"పెద్ద బ్యాచ్‌ల?"

"యాడనైనా చెప్పొచ్చు. చెప్పాలె."

"చెప్తే తీసెయ్యరా?"

"తియ్యరు. సారు చెప్పిండు గద, నీ జాగ ఎవలకూ ఇయ్యనని."

"సిరికి కూడ?"

"సిరికి కూడ."

"అయితే పెద్దది" అంది.

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఇన్ని రోజులు ఇల్లంతా గింజుకుంటుంటే నీ ఇష్టం, ఏదైనా సరే అన్న పిల్ల. మైసూర్‌పాక్ పంచి, ఆటో ఎక్కి, దవాఖానా తిరిగి, తీర్పు చెప్పి, హమ్మయ్య అనుకుని నేను నిద్రపోయాక, ఇప్పుడు పెద్దది! మళ్లీ తెల్లవారుజాములు, మళ్లీ షిఫ్టుల లెక్కలు, మళ్లీ పర్మినెంట్ అని వరుసంతా టాంటాం. నెత్తి బాదుకోవాలనిపించింది.

"గప్పుడేమైందే నీకు? అప్పుడే చెప్పొచ్చు గద ఈ ముక్క!"

"అప్పుడు నొస్తుండె గద. పెద్దది అంటే రోజూ నొస్తదనుకున్న. చిన్నది అంటే తాత కాంట్రాక్టంటడు."

తల మీద పాపిడి సరిచేస్తూ గొంతు తగ్గించుకున్నాను. "సరే. సారుతో మాట్లాడుత. డాక్టరు సరే అన్నాకనే, నొప్పి లేకపోతేనే. ఒక్క మాట చెప్పు. ఇంకోసారి నొస్తే మొదలు ఎవలకు చెప్తవ్?"

"నీకే."

"ఎప్పుడు చెప్తవ్?"

అది తల తిప్పి, నా ముఖం ఎలా ఉందో చూసి చెప్పింది. "నువ్వు తిట్టుడు అయిపోయినంక."

తిడతానని దానికి కోపం లేదు. బస్సు ఫలానా వేళకు వస్తుందన్నట్టు చెప్పింది. నా తిట్టు అయ్యేదాకా నొప్పిని పట్టుకుని నిలబడడం దానికి అలవాటైపోయింది. మూడు పాయలు తీసుకుని, బిగించి అల్లుతూ పోయాను. రిబ్బను ముడి వేయబోతుంటే చైత్ర కదిలింది.

"మమ్మీ."

"ఏంది?"

భుజాలు కొద్దిగా పైకి ముడుచుకుంది.

"జడ మస్తు గట్టిగున్నది. నొస్తంది."

బడికి ఆలస్యమవుతోంది. వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వస్తోంది, సిరి ఇంకా బూట్లు వెతుక్కుంటోంది. తిట్టు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రిబ్బను లాగి, జడ మొత్తం విప్పి, మొదటినుంచి వదులుగా అల్లాను.